కార్డు సింగపూర్‌లో, ఓటీపీ సుపేలాలో

విదేశాల్లో ఖర్చుపెట్టడాన్ని యాప్ బ్యాంకులు చవక చేశాయి, తేలిక చేశాయి. ఆ తేలికంతా ఒక సిమ్ కార్డు మీద ఆధారపడి ఉందని భిలాయ్ తెలుగువారికి ఊరు దాటాకే తెలుస్తోంది

ఆదివారం సుపేలా సంతలో చిల్లర గలగలలు తగ్గి చాలాకాలమైంది. లాల్ భాజీ కట్టల మధ్య నిలబెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా 'తీస్ రుపయే ప్రాప్త్ హుయే' అని అరుస్తుంది. ఆ అరుపు వినపడేదాకా అమ్మే మనిషి కట్ట మీద చెయ్యి తియ్యదు. రోడ్డు పక్కన దుప్పటి పరిచి పిల్లల బట్టలు అమ్మేవాడి దగ్గరా అదే డబ్బా. ఇక్కడికి వచ్చే తెలుగు గృహిణి కుందరూ కిలో ఎంతని హిందీలో బేరమాడి, సంచిలో దొండకాయలు వేసుకుని, లెక్క మాత్రం తెలుగులోనే కడుతుంది. చివర్లో పర్సు బదులు ఫోన్ తీస్తుంది.

ఈ సంతకు మూడు దశాబ్దాలకు పైగా వస్తున్న దంపతుల కథ ఇది. ఆయన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఇంటి లెక్కలన్నీ ఆమెవి. వాళ్ల డబ్బుకు రెండు ఇళ్లున్నాయి. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ వచ్చి చేరిన పాత బ్యాంకు మొదటిది. దానికి పాస్‌బుక్కు ఉంది, లాకరు ఉంది, పండగకు పలకరించే క్యాషియర్ ఉన్నాడు. రెండోది కూతురు ఫోన్‌లో తెరిచిపెట్టిన యాప్ ఖాతా. దానికి గుమ్మం లేదు, కౌంటరు లేదు. నెలకోసారి పాత ఖాతాలోంచి పదివేలు ఇందులోకి వస్తాయి, సంతలో, మందుల షాపులో, పాలవాడి దగ్గర కరిగిపోతాయి. పెట్టె ఒకచోట, పర్సు మరోచోట అన్నది ఆయన పెట్టుకున్న పద్ధతి. ఫోన్ పోయినా, ఎవడైనా మాయచేసినా పోయేది పదివేలే. ఆర్థిక సలహాదార్లు పుస్తకాలు రాసి చెప్పే సంగతే ఇది. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. పాత ఖాతాకు జతచేసిన ఫోన్ నంబరు ఉద్యోగంలో ఉండగా కొన్న మొదటి సెల్‌ఫోన్‌ది. ఇప్పుడది బొత్తాల ఫోన్‌లో, దేవుడి గూటి పక్కన ఉంటుంది. కొత్త నంబరు కూతురు కొనిచ్చిన స్మార్ట్‌ఫోన్‌లో ఉంటుంది. సుపేలాలో ఉన్నంతకాలం ఈ రెండింటి మధ్య దూరం నాలుగడుగులు. అందుకే ఎవరికీ అది దూరమనిపించలేదు.

భిలాయ్ తెలుగువాళ్లకు డబ్బు దూరం ప్రయాణించడం కొత్త కాదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఉక్కు కర్మాగారం ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ నాలుగేళ్లలోనూ, ఆ తర్వాతా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేలమంది తట్టా బుట్టా పట్టుకుని ఇక్కడికి వచ్చారు. మట్టి మోసినవాళ్లు, ఇటుకలు పేర్చినవాళ్లు, తర్వాత కర్మాగారంలో పర్మనెంటు అయినవాళ్లు. జీతం రాగానే పోస్టాఫీసు ముందు మనియార్డర్ క్యూ కట్టేవాళ్లు. మనియార్డర్‌కు కమీషన్ ఎందుకు దండగ అనుకున్నవాళ్లకు ఇంకో దారి ఉండేది. ఊరికి వెళ్తున్నవాడి చేతికి ఇక్కడ డబ్బిస్తే, అతను అక్కడ ఇంట్లో ఇచ్చేవాడు. ఒక్కోసారి డబ్బు కదిలేదే కాదు. 'నువ్వు మా అమ్మకివ్వు, నేనిక్కడ మీ తమ్ముడికిస్తాను' అంటే సరిపోయేది.

సరిగ్గా ఇదే లెక్క మీద లండన్‌లో ఓ పెద్ద కంపెనీ పుట్టింది. 2011లో ఇద్దరు ఎస్తోనియా మిత్రులు ఆ కంపెనీ పెట్టారు. టావెట్ హిన్రికస్‌కు జీతం యూరోల్లో వచ్చేది, ఖర్చు లండన్‌లో పౌండ్లలో. క్రిస్టో కార్మన్‌కు జీతం పౌండ్లలో వచ్చేది, ఇంటి అప్పు ఎస్తోనియాలో కట్టాలి. నీ పౌండ్లు నాకు, నా యూరోలు నీకు అనుకున్నారు. బ్యాంకు కమీషన్ మిగిలింది. దాన్నే ట్రాన్స్‌ఫర్‌వైజ్ అని, తర్వాత వైజ్ అని ప్రపంచమంతా ఇప్పుడు వాడుతోంది. తొలితరం భిలాయ్ కూలీ ఆ కథ వింటే ఇందులో ఏముందని ఆశ్చర్యపోయేవాడు.

2024 చివర్లో ఈ దంపతులు సింగపూర్ బయల్దేరారు. కూతురు, అల్లుడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. మనవరాలికి ఏడాది నిండబోతోంది. సుపేలా నుంచి సింగపూర్‌కు వాళ్ల దారి రాయపూర్ విమానాశ్రయం మీదుగా కాదు. దుర్గ్‌లో రైలెక్కి విశాఖపట్నం చేరి, అక్కడి నుంచి స్కూట్ విమానం పట్టుకున్నారు. ఆయన తండ్రి బతుకుతెరువు కోసం వచ్చిన దారిలోనే కొడుకు వెనక్కి వెళ్లి సముద్రం దాటాడన్నమాట. ఆమె మాత్రం దీన్ని మరోలా చూశారు. మధ్యలో చెల్లెలి ఇంట్లో ఒక పూట ఆగి ఆవకాయ జాడీ తీసుకోవచ్చు.

కూతురు ముందే జాగ్రత్తలు చెప్పింది. అందులో ముఖ్యమైనది యాప్ బ్యాంకు ఇచ్చిన ట్రావెల్ కార్డు. దాని ఆకర్షణ ఏమిటో లెక్కలో చూస్తేనే అర్థమవుతుంది. మామూలు క్రెడిట్ కార్డు విదేశంలో గీస్తే చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా మార్కప్ వేస్తాయి. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. అంటే లక్ష రూపాయల ఖర్చుకు 3,500, దానిమీద 630, మొత్తం 4,130 రూపాయలు ఉత్త పుణ్యానికి పోతాయి. మారకం రేటులో పోయేది వేరే. యాప్ బ్యాంకులు ఆ మార్కప్‌ను సున్నా చేశామని ప్రచారం చేసుకుని యువతరాన్ని లాగాయి. యూరప్‌లో రివాల్యూట్, మోంజో, ఎన్26 లాంటివి పెరిగిందీ చాలావరకు ఈ ఒక్క వాగ్దానం మీదే. పదేళ్ల కిందట విదేశాలకు వెళ్లేవాళ్లు నోట్ల కట్టలు చొక్కా లోపలి జేబులో కుట్టించుకునేవాళ్లు. ఇప్పుడు కార్డు గీసిన మరుక్షణం ఎన్ని రూపాయలు పోయాయో ఫోన్ చెబుతుంది. ఈ మార్పు మంచిదే. దాన్ని కాదనడానికి కారణం లేదు.

సింగపూర్‌లో మొదటి వారం ఆయనకు పండగలా గడిచింది. మెట్రో రైలు గేటుకు కార్డు తాకిస్తే తలుపు తెరుచుకుంటోంది. టికెట్ కౌంటరు లేదు, క్యూ లేదు. కాఫీ తాగితే మూడు డాలర్లు అనుకునేలోపు జేబులో ఫోన్ వణికి రూపాయల్లో లెక్క చూపిస్తోంది. ఆ లెక్క చూసి ఆమె కాఫీ మానేశారు. ఓ షాపులో మెషిన్ 'రూపాయల్లో చెల్లిస్తారా, డాలర్లలోనా' అని అడిగింది. మన రూపాయి కనపడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కూతురు వెనకనుంచి 'డాలర్లే నొక్కండి నాన్నా' అని అరిచింది. రూపాయలు నొక్కితే మారకం రేటు షాపువాడి బ్యాంకు నిర్ణయిస్తుంది. సాధారణంగా అది మనకు నష్టమే. స్వదేశాభిమానానికి కట్టే పన్ను అనుకోవచ్చు.

రెండో వారంలో అసలు సంగతి వచ్చింది. మనవరాలి పుట్టినరోజుకు తాతా అమ్మమ్మా బంగారం పెట్టాలి. సెరంగూన్ రోడ్డులో, అక్కడివాళ్లు లిటిల్ ఇండియా అనే పేటలో, ఆమె ఒక షాపులో చిన్న గాజుల జత చూసిపెట్టారు. యాప్ ఖాతాలో మిగిలింది పదిహేను వేలు. పెట్టె ఒకచోట, పర్సు మరోచోట కదా. పెట్టెలోంచి తీయాలి.

ఆయన పాత బ్యాంకు డెబిట్ కార్డు తీశారు. మెషిన్ ఒప్పుకోలేదు. మళ్లీ గీశారు. మళ్లీ అదే. ఖాతాలో లక్షలున్నాయి, కార్డు మీద అంతర్జాతీయ కంపెనీ గుర్తూ ఉంది. కారణం షాపులోది కాదు. 2020 జనవరి 15న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆ ఏడాది మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులన్నీ మన దేశంలోని ఏటీఎంలలో, షాపుల్లోని మెషిన్లలో మాత్రమే పనిచేయాలి. విదేశంలో వాడాలంటే ఖాతాదారు తనంతట తాను ఆ సదుపాయాన్ని తెరుచుకోవాలి. దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన మంచి తాళమే అది. కానీ ఆయన కార్డు గడువు తీరి 2022లో కొత్తది వచ్చింది. తాళం వేసిన సంగతి కవరులోని చిన్న అక్షరాల కాగితంలో ఉండే ఉంటుంది.

సరే, నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి తాళం తీయొచ్చు. లేదా పాత ఖాతాలోంచి యాప్ ఖాతాలోకి డబ్బు పంపుకోవచ్చు. రెండింటికీ ఓటీపీ కావాలి. ఓటీపీ బొత్తాల ఫోన్‌కు వస్తుంది. బొత్తాల ఫోన్ సుపేలాలో, తులసికోటకు నీళ్లు పోయమని ఇంటి తాళం ఇచ్చి వచ్చిన పక్కింట్లో ఉంది.

కూతురు తేలికైన మార్గం చెప్పింది. 'నా కార్డు గీస్తాను నాన్నా, ఊరెళ్లాక పంపండి.' ఆయన ఒప్పుకోలేదు. అల్లుడు కూడా పక్కనే ఉన్నాడు. మనవరాలికి తాత పెట్టే గాజులకు వాళ్లమ్మ డబ్బిస్తే అది తాత పెట్టినట్టు ఎలా అవుతుందని ఆయన ప్రశ్న. నలభై ఏళ్ల కొలిమి వేడికి సంపాదించిన డబ్బు ఖాతాలో ఉండగా అల్లుడి ముందు చెయ్యి చాచాల్సి రావడం ఆయనకు మింగుడుపడలేదు. బ్యాంకింగ్ నిపుణులు దీన్ని 'కస్టమర్ ఎక్స్‌పీరియెన్స్' అంటారు. సుపేలాలో దాన్ని పరువు అంటారు.

ఆయన సుపేలాకు వాట్సాప్‌లో ఫోన్ చేశారు. పక్కింటి పిన్నిగారికి ఇంగ్లీషు రాదు. తొమ్మిదో తరగతి చదివే ఆమె మనవణ్ని పిలిచారు. ఈయన కూతురి ల్యాప్‌టాప్‌లో బొత్తం నొక్కారు. అక్కడ ఫోన్ కుయ్‌మంది. కుర్రాడు చదవడం మొదలుపెట్టి ఆగిపోయాడు.

'తాతగారూ, డు నాట్ షేర్ విత్ ఎనీవన్ అని రాసుంది. చెప్పనా?'

'చెప్పు బాబూ, నా డబ్బే.'

'మీరేనని ఏటి గేరంటీ? మా సార్ గొంతు కూడా మారుస్తారని చెప్పారు.'

వీడియో కాల్ చేయాల్సి వచ్చింది. మొహం చూపించాల్సి వచ్చింది. ఆమె కూడా వచ్చి పక్కన నిలబడి, తులసి ఎండిపోలేదు కదా అని అడిగి, తాము తామేనని రుజువు చేసుకున్నారు. ఈలోగా మొదటి ఓటీపీ గడువు తీరింది. రెండోసారి పంపిందానిలో ఒక అంకె ఆయనకు సరిగా వినపడలేదు. మూడోసారి పనయింది. షాపు కట్టేసే వేళకు డబ్బు యాప్ ఖాతాలో పడింది.

ఈ మొత్తం వ్యవహారంలో తప్పెవరిదని అడిగితే జవాబు దొరకదు. బ్యాంకు నిబంధన పాటించింది. రిజర్వు బ్యాంకు జాగ్రత్త చెప్పింది. కుర్రాడు అందరికంటే బాగా ప్రవర్తించాడు. కానీ ఒక నిజాయితీపరుడు తన డబ్బు తాను తీసుకోవడానికి, ఏ ఒక్క పని చేయొద్దని బ్యాంకులు పదేళ్లుగా మొత్తుకుంటున్నాయో సరిగ్గా ఆ పనే చేయాల్సి వచ్చింది. మోసగాడు ఫోన్‌లో ఏం మాట్లాడతాడో ఆయనా అవే మాటలు మాట్లాడారు. 'చెప్పు బాబూ, నా డబ్బే.'

ఆ కుర్రాడి అనుమానానికి భిలాయ్‌లో బలమైన కారణమే ఉంది. మహదేవ్ ఆన్‌లైన్ బెట్టింగ్ యాప్ పేరు వినని ఇల్లు ఈ పట్నంలో ఉండదు. దుబాయ్ నుంచి నడిచిందంటున్న ఆ వ్యవహారంలో దర్యాప్తు సంస్థలు ప్రధాన నిందితులుగా చెబుతున్న ఇద్దరూ భిలాయ్ వాళ్లే. బెట్టింగ్ డబ్బు బినామీ బ్యాంకు ఖాతాల గుండా తిరిగిందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపణ. 2023 నవంబరు 5న కేంద్ర ఐటీ శాఖ మహదేవ్‌తో కలిపి 22 యాప్‌లను, వెబ్‌సైట్లను నిలిపేసింది. 2024 ఆగస్టులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కేసును సీబీఐకి అప్పగించింది.

ఇలాంటి దందాలకు కావాల్సిన ముడిసరుకు ఇనుప ఖనిజం కాదు, పేదవాడి పేరు మీద ఖాతా. నిరుద్యోగికి కొన్ని వేలు చేతిలో పెట్టి ఖాతా తెరిపిస్తారు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ మూడూ తీసుకుని వెళ్లిపోతారు. ఇల్లు అద్దెకిచ్చినట్టు ఖాతా అద్దెకివ్వడం అన్నమాట. బ్యాంకుకు వెళ్లకుండా ఆధార్, పాన్‌లతో ఫోన్‌లోనే నిమిషాల్లో ఖాతా తెరుచుకునే సదుపాయం నిజాయితీపరుడికి ఎంత పనికొచ్చిందో ఈ దళారులకూ అంత పనికొచ్చింది. పోలీసులు వచ్చినప్పుడు తలుపు కొట్టేది మాత్రం పేరున్నవాడి ఇంటికే. ఆ మురికి డబ్బులో వంద రూపాయలు ఏ కూరగాయలవాడి ఖాతాలో పడ్డా అదీ స్తంభించిపోవచ్చు. 2023లో కేరళలో చిల్లర వర్తకులు ఇలాగే ఇబ్బందిపడి, ఫోన్ చెల్లింపులు వద్దని బోర్డులు పెట్టే దాకా వెళ్లారు. పొరపాటున డబ్బు పోగొట్టుకున్నవాళ్లు వెంటనే 1930కి ఫోన్ చేయాలన్న సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. మొదటి గంట దాటితే ఆ డబ్బు ఎన్ని అద్దె ఖాతాలు దాటిపోతుందో చెప్పలేం.

యాప్ బ్యాంకు అనే మాటలోనే కొంత మాయ ఉంది. మన దేశంలో యాప్ మాత్రమే ఉన్న సంస్థకు రిజర్వు బ్యాంకు బ్యాంకు లైసెన్సు ఇవ్వలేదు. డిజిటల్ బ్యాంకులకు ప్రత్యేక లైసెన్సు ఇవ్వొచ్చని నీతి ఆయోగ్ 2022 జూలైలో నివేదిక ఇచ్చింది గానీ అది నివేదికగానే మిగిలింది. కాబట్టి మన దగ్గర ఉన్నవి రెండు రకాలు. అసలు బ్యాంకులే పెట్టిన యాప్‌లు మొదటి రకం. 2016 ఏప్రిల్‌లో డీబీఎస్ 'డిజిబ్యాంక్', 2017 మార్చిలో కోటక్ '811', అదే ఏడాది నవంబరులో స్టేట్ బ్యాంకు 'యోనో' అలా వచ్చాయి. 811 అన్నది నోట్ల రద్దు తేదీ, నవంబరు 8. దేశమంతా ఏటీఎంల ముందు నిలబడ్డ రోజును ఒక బ్యాంకు తన సరుకుకు పేరుగా పెట్టుకుంది. రెండో రకంలో ముందు కనిపించే రంగురంగుల యాప్ ఒక టెక్నాలజీ కంపెనీది, వెనక డబ్బు దాచేది వేరే బ్యాంకు. మొహం ఒకరిది, బొడ్డులో సంచి ఇంకొకరిది.

వెనక ఉన్న బ్యాంకు పేరు చాలామంది అడగరు. అడగాల్సిన రోజు 2023 జనవరిలో వచ్చింది. ఆ నెల 23న రిజర్వు బ్యాంకు ఎస్‌బీఎం బ్యాంక్ ఇండియాను విదేశాలకు డబ్బు పంపే లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీము లావాదేవీలన్నీ తక్షణం ఆపేయమని ఆదేశించింది. ఆ బ్యాంకు మీద ఆధారపడి నియో లాంటి యాప్‌లు ఇచ్చిన ట్రావెల్ కార్డులు విదేశాల్లో ఆగిపోయాయి. అప్పటికే హోటళ్లలో దిగి ఉన్నవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. తప్పు వాళ్లది కాదు, వాళ్లు వాడే యాప్‌ది కూడా కాదు. మరుసటి ఏడాది జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద ఆంక్షలు వచ్చాయి. 2024 మార్చి 15 తర్వాత అందులో డబ్బు వేసుకోవడానికి వీల్లేకుండా పోయింది. సంతలో రాత్రికి రాత్రి కాగితాలు మారాయి, పాత కోడ్ మీదే కొత్త కోడ్ అంటించారు. అదే ఏప్రిల్ 24న కోటక్ మహీంద్రా బ్యాంకు ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాదార్లను చేర్చుకోకూడదని ఆదేశమొచ్చింది. ఐటీ వ్యవస్థలోని లోపాలు కారణం. 2025 ఫిబ్రవరి 12న దాన్ని ఎత్తేశారు.

వీటిలో ఖాతాదారు డబ్బు మునిగిపోలేదు. మన రిజర్వు బ్యాంకు మొరటుగా ప్రవర్తిస్తుందని కంపెనీలు గొణుక్కుంటాయి గానీ అమెరికాలో ఏం జరిగిందో చూస్తే ఆ మొరటుతనమే నయమనిపిస్తుంది. అక్కడ యాప్‌లకూ బ్యాంకులకూ మధ్య లెక్కలు రాసే సినాప్స్ అనే కంపెనీ 2024 ఏప్రిల్‌లో దివాలా తీసింది. ఎవరి డబ్బు ఏ బ్యాంకులో ఉందో తేలక లక్షమందికి పైగా అమెరికన్ల 26.5 కోట్ల డాలర్లు చిక్కుకుపోయాయి. మన దగ్గర బ్యాంకు మూతపడితే ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే. ఆ బీమా వెనక ఉన్న బ్యాంకు పేరు మీద వర్తిస్తుంది, యాప్ పేరు మీద కాదు. వ్యాలెట్‌లో వేసుకున్న డబ్బుకు అదీ లేదు.

ఆ దంపతుల కథ తెలిసిన ఒక సాయంత్రపు నడక మిత్రబృందంలో దీనిమీద పెద్ద చర్చే జరిగింది. అందరూ రిటైరైన ఉక్కు ఉద్యోగులు. ఒకాయన 1980ల్లో శిక్షణకు సోవియట్ యూనియన్ వెళ్లొచ్చినవాడు. తాను మళ్లీ ఆ దేశం చూడాలనుకుంటున్నానని, తన దగ్గర కొత్త ట్రావెల్ కార్డు ఉందని చెప్పాడు. అది అక్కడ పనిచేయదు. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ రష్యాలో తమ కార్యకలాపాలు ఆపేశాయి. మన బ్యాంకులిచ్చిన ఆ కంపెనీల కార్డులకు మాస్కోలో ప్లాస్టిక్ ముక్క విలువే. నోట్లు పట్టుకుని వెళ్లాల్సిందే. ఏ దేశం 2.5 శాతం వడ్డీకి, 12 వాయిదాల్లో తీర్చేలా అప్పిచ్చి ఈ కర్మాగారం కట్టించిందో, ఆ అప్పును డాలర్ల ఊసెత్తకుండా రూపాయల్లో తీసుకుని మన సరుకులు కొనుక్కుందో, ఆ దేశంలో భిలాయ్ పెన్షనర్ కార్డు గీయడానికి లేదు. మైత్రీబాగ్‌లో పులులు చూస్తూ పెరిగిన తరానికి ఇది కొంచెం కష్టంగానే ఉంటుంది.

సింగపూర్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐని, అక్కడి పేనౌను కలిపారు. ఫోన్ నంబరు కొట్టి సుపేలా నుంచి సింగపూర్‌కు రోజుకు 60 వేల రూపాయల దాకా పంపొచ్చు. అన్ని బ్యాంకులకూ ఆ సదుపాయం రాలేదు, అది వేరే విషయం. విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి నంబరుతోనే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ పెట్టుకోవడానికి అదే ఏడాది జనవరిలో సింగపూర్, అమెరికా, గల్ఫ్ దేశాలు సహా పది దేశాలకు అనుమతి వచ్చింది. అంటే అక్కడున్న కూతురికి సిమ్ బాధ తీరింది. ఇక్కడి నుంచి చుట్టపుచూపుగా వెళ్లే తండ్రికి మాత్రం తీరలేదు. ఎస్ఎంఎస్ ఓటీపీ మీదే ఆధారపడకుండా వేరే పద్ధతులూ వాడుకోవచ్చంటూ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త నిబంధనలు జారీచేసి 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. వేలిముద్రో, మొహమో, యాప్‌లోని గుర్తో ఓటీపీ స్థానంలోకి రావచ్చు. బొత్తాల ఫోన్ వాడే అరవై ఏళ్లు దాటినవారికి అందులో ఏది వర్తిస్తుందో వాళ్ల బ్యాంకే తేల్చాలి.

గాజులు మనవరాలి చేతికెక్కాయి. పుట్టినరోజు నాడు అల్లుడు ఫోటోలు తీసి సుపేలా పక్కింటికి పంపాడు. ఎవరికి ఎంత ఖర్చయిందన్న మాట రాలేదు. రావలసిన అవసరమూ లేకపోయింది.

తిరిగొచ్చాక ఆయన చేసిన మొదటి పని నంబరు మార్పించుకోవడానికి పాత బ్యాంకుకు వెళ్లడం. ఆమె కూడా వెళ్లారు. పలకరించే క్యాషియర్ బదిలీ అయిపోయాడు. అతని కుర్చీలో కూర్చున్న కొత్తమ్మాయి దరఖాస్తు తీసి చూసి, ఇదంతా రాయక్కర్లేదు అంకుల్, మా యాప్‌లో మీరే మార్చుకోవచ్చని హిందీలో ఎంతో మర్యాదగా చెప్పింది. యాప్ తెరిచారు. పాత నంబరుకు ఓటీపీ పంపామని అందులో వచ్చింది.

ఆమె చేతి సంచిలోంచి బొత్తాల ఫోన్ తీసి కౌంటరు మీద పెట్టారు. 'ఇక్కడి దాకా వస్తుందని నాకు తెలుసండీ' అన్నారు.